పచ్చ తెర మీద మొదటి పేరు

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నూజివీడు తోటల మీద కారుమేఘం కమ్ముకొచ్చి పట్టపగలే చీకటి పడింది. ప్రచండమైన ఈదురుగాలికి కోతకొచ్చిన రసాలు టపటపా రాలిపోతున్నాయి. వేళ తప్పిన గుడ్లగూబ ఒకటి ఎక్కడో కర్ణకఠోరంగా కూసింది... సిద్ధాంతి సత్యనారాయణమూర్తి గారి కంప్యూటర్ జాతకాల షాపులో, తలుపులు బిగించిన లోపలి గదిలో, ఆపరేటర్ విజయలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది.

బల్ల మీద కంప్యూటర్. దాని నెత్తిన ఎర్రగుడ్డ పరిచి, కుంకుమ పూసిన మనిషి పుర్రె!

ఈ ఊరి జనాన్ని ఏమనాలి? కత్తిరించిన గోళ్ళు పరాయివాడి కంటబడకుండా పూడ్చిపెడతారు. అలాంటివాళ్ళు కంప్యూటర్ జాతకం అన్న బోర్డు కనబడగానే, ట్రంకుపెట్టెల అడుగున దాచిన జాతకాలు చేతులారా తెచ్చి ఇచ్చారు. మిషను అబద్ధమాడదట! వాటిని విజయలక్ష్మి టైపు చేసి ఫ్లాపీలో ఒక ఫైలుగా దాచేది. మనిషికొక వరుస. పేరు, తల్లి పేరు, పుట్టిన వేళ, అంతే. ప్రోగ్రామ్ ఆ ఫైలు తెరిచి మొదటి వరుస నుంచి చివరిదాకా ఒక్కొక్కటే చదివి పచ్చటి తెర మీద చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమే. బెజవాడలో నేర్చుకున్న విద్య పదిమందికి పనికొస్తుందని మురిసిపోయి మరీ రాసింది.

మిషను చదివిన పేరును కపాలం మళ్ళీ చదువుతుందని ఆమెకేం తెలుసు? అమావాస్య అమావాస్యకు ఆ అభాగ్యుల ఆయుష్షు పీల్చి, ఆ క్షుద్రోపాసకుడికి ధారపోస్తుందని ఎలా ఊహిస్తుంది? అరవై దాటిన మూర్తి జుట్టు నల్లబడుతుంటే రంగు వేస్తున్నాడనుకుంది. షాపు తెరిచిన రోజు బోణీగా తన చెల్లెలు దుర్గ జాతకం తానే ఇచ్చింది. ఆ పాపిష్టి చేతిని నరుక్కోవాలనిపిస్తోంది ఇప్పుడు. రెండు అమావాస్యలు గడిచేసరికి పద్దెనిమిదేళ్ళ దుర్గ తల ముగ్గుబుట్టయింది. మొన్న మంచం మీద విల్లులా వంగిపోయి, కపాలమే పూనినట్టు బొంగురు మగగొంతుతో పకపకా నవ్వింది...

"మూడోసారి చదివానంటే దీని ఊపిరి నాదే!"

ఆ రోజే విజయలక్ష్మి ఫైల్లోంచి చెల్లెలి పేరు తీసేసింది. తెల్లారేసరికి ఆ వరుస మళ్ళీ మొలిచింది. ఫ్లాపీని ఇంట్లో పొయ్యి దగ్గరకు తీసుకెళ్తే, అవతలి గదిలో దుర్గ ఒళ్ళు బొబ్బలెక్కింది. సంగతి పసిగట్టిన మూర్తి కోప్పడను కూడా లేదు.

"తీయడం నీ వల్ల కాదమ్మాయ్. చేత్తో ఇచ్చినదాన్ని కపాలం వదలదు, ఎవరిదైనా సరే," అన్నాడు.

ఎవరిదైనా సరే... ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. అంతకు నెల ముందు విస్సన్నపేట తోటల నుంచి బసవమ్మ అనే ముసలి కూలిమనిషి బుట్టెడు కాయలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మూర్తిని చూసి నా కొడుకేనంది. పిచ్చిది అని గెంటించేశాడు. సిద్ధాంతి వేషం కట్టినవాడికి కూలితల్లి ఎక్కడ పనికొస్తుంది?

నిన్న విజయలక్ష్మి ఆమెను వెతుక్కుంటూ వెళ్ళింది. బసవమ్మ వరిగడ్డిలో కాయలు మాగవేస్తోంది. విజయలక్ష్మి ఏదీ దాచకుండా అంతా చెప్పింది. ముసలామె గడ్డి సర్దడం ఆపి, దుర్గ వయసెంతని అడిగింది. తర్వాత తన గోడు చెప్పుకొచ్చింది. ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. నాలుగోవాడు పడగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, గుప్పెడు తవుడిచ్చి పొరుగామె దగ్గర కొనుక్కుందట.

"చావు కంట్లో పడకూడదని పెంటయ్యని పేరెట్టాను. రాసుకో తల్లీ. పోలాల అమాస, పొద్దు నడినెత్తికొచ్చిన ఏళ. తల్లి బసవమ్మ," అంది.

ఆ వరుసను విజయలక్ష్మి సాయంత్రమే ఫైల్లో అన్నిటికన్నా పైన టైపు చేసింది.

ఇప్పుడు... ఫెళఫెళార్భాటంతో పిడుగు పడింది! అమావాస్య పూజలో ఫ్లాపీని ఎవరి చేతికీ ఇవ్వని మూర్తి, మంత్రోచ్చారణ చేస్తూ దానిని తన కుడిచేత్తోనే మిషనులోకి తోశాడు. లోపల గరగరమని తిరిగింది. తెర వెలిగింది.

పెంటయ్య. తల్లి బసవమ్మ...

అతడి ముఖం పాలిపోయింది. "ఎవరిచ్చారిది?" అని గర్జించాడు.

"మీరేనండీ. మీ చేత్తోనే పెట్టారు," అంది విజయలక్ష్మి.

కపాలం దవడలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. తిన్న ఏళ్ళన్నీ ఒక్కసారిగా కక్కించినట్టు అతడి జుట్టు నెరిసింది, పళ్ళు రాలాయి, చర్మం ఎముకలకు అంటుకుపోయింది! "అమ్మా... అమ్మా... అమ్మా..." అన్న ఆర్తనాదం తోటలన్నీ దాటిపోయింది. నేల మీద పిడికెడు బూడిద మిగిలింది.

మిషను ఆగలేదు. తర్వాతి వరుస దుర్గది! తెర మీద మొదటి అక్షరం మెరవడం చూసి విజయలక్ష్మి కరెంటు వైరు పట్టి లాగేసింది. గది చీకటైంది. ఆకలి తీరని కపాలం ఫటేలున రెండుగా పగిలింది.

దుర్గ ఆ సాయంత్రం అక్కను గుర్తుపట్టి మంచినీళ్ళడిగింది. బతికింది, అంతే. నెరిసిన జుట్టు నల్లబడలేదు, పోయిన ఏళ్ళు ఎవరికీ తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్నే మరో నలుగురు జాతకాలు పట్టుకుని వచ్చి, షాపు ఎప్పుడు తెరుస్తారని అడిగారు.

విజయలక్ష్మి విస్సన్నపేట బస్సెక్కింది. బసవమ్మ తడి తలతో పాక ముందు కూర్చుని ఉంది. విజయలక్ష్మి ఆమె పక్కనే చతికిలబడింది.

"చెప్పక్కర్లేదులే తల్లీ. ఇక్కడిదాకా ఇనబడింది. మూడుసార్లు పిలిచాడు," అంది బసవమ్మ.

తడి జుట్టు ముడి వేసుకుంటూ మళ్ళీ తనే అంది.

"నేను పలకలేదు."