యేసుపాదం లాగిన్

ఇనుప గనుల ఊరు బచేలీలో వానాకాలం సాయంత్రాలు తొందరగా మసకబారతాయి. కొండ మీంచి పొగమంచు దిగి క్వార్టర్ల మధ్య నిలబడిపోతుంది. కిటికీలు మూసినా తడిసిన ఇనుపరాయి వాసన లోపలికి వస్తూనే ఉంటుంది.

కిరణ్మయి ఒక మైనింగ్ కాంట్రాక్టు కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. గని వాలు డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సులు తక్కువ. కింది ఆఫీసులో తెరిచినా, కొండ మీది ఆఫీసులో తెరిచినా ఒకే సర్వర్ నుంచి తీసుకోవాలి. ఒకరు వదిలితేనే ఇంకొకరికి దొరుకుతుంది. ఎవరు ఎక్కడి నుంచి వాడుతున్నారో ఆమె స్క్రీన్ మీద కనిపిస్తుంది.

సర్వేయర్ యేసుపాదం కొండ మీది ఆఫీసు దగ్గర చరియ విరిగిపడి చనిపోయాడు. ఆ రోజే అతని లాగిన్ మూసేయాలి. ఆమె మూయలేదు. డ్రాయింగులు ఆమోదించే హక్కు ఆ ఒక్క లాగిన్‌కే ఉంది. కొత్తది వచ్చేదాకా దాంతోనే నడిపించమని మేనేజరు చెబితే, పాస్‌వర్డ్ తీసి జూనియర్ల చేతిలో పెట్టింది. పోయిన మనిషి పేరు మీద రోజూ ఆమోదాలు వెళుతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం యేసుపాదం భార్య ఇంద్రాణి ఆఫీసుకి వచ్చింది. ఆయన కంప్యూటర్లో పాప ఫొటోలు ఉండిపోయాయని, వీలైతే తీసిమ్మని అడిగింది. తెరిస్తే ఇంద్రాణి పక్కనే కూర్చుని చూస్తుంది. మొగుడి పేరు మీద నిన్నటి ఆమోదం కూడా కనబడుతుంది.

"ఆయన పోయిన రోజే మూసేశాం అక్కా. ఇంక ఎవరూ లోపలికి వెళ్ళలేరు," అంది కిరణ్మయి తల ఎత్తకుండా.

పనిలో ఉండగా ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకమ్మా అని చెప్పి ఇంద్రాణి వెళ్ళిపోయింది. ఆ మాటకి కిరణ్మయి సిగ్గుతో చచ్చిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక స్క్రీన్ మీద ఆ పేరు వచ్చింది. యేసుపాదం. కొండ మీది ఆఫీసు.

ఆ ఆఫీసు సగం మట్టిలో ఉంది. అక్కడ కరెంటు కూడా తీసేశారు.

జూనియర్ అరుణ్‌కి ఫోన్ చేసింది. అతను బజార్లో ఉన్నాడు. తాను తెరవలేదన్నాడు. ఆమె ఆ పేరుని బయటికి తోసేసింది. మళ్ళీ వచ్చింది. పాస్‌వర్డ్ మార్చింది. మళ్ళీ వచ్చింది... గదిలో పచ్చి మట్టి వాసన మొదలైంది.

చివరికి లాగిన్ పూర్తిగా మూసేసింది. ఎప్పుడో చేయాల్సిన పని. పేరు పోయింది. ఊపిరి పీల్చుకునేలోగా అదే చోట ఇంకో పేరు...

కిరణ్మయి. కొండ మీది ఆఫీసు.

ఆమె మౌస్ కదిపింది. స్క్రీన్ మారిపోయింది. ఈ పేరుతో వేరొకరు లోపల ఉన్నారు, మీకు అనుమతి లేదు అని ఉంది.

గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తింది. ఇంటికి కాదు, ఇంద్రాణి క్వార్టరుకి. నిజం చెప్పేస్తే ఇది ఆగిపోతుందనిపించింది. దారి పొడుగునా ఆ మాటలే మనసులో అనుకుంటూ వెళ్ళింది.

ఇంద్రాణి తలుపు తీసింది. చేతిలో తువ్వాలు ఉంది. కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి.

"నీకు అబద్ధం చెప్పాను అక్కా," అంది కిరణ్మయి గొణుగుతున్నట్టు. "మూయలేదు. ఆయన పేరు మేమే వాడుకున్నాం..."

ఇంద్రాణి ఆమెని వింతగా చూసింది.

"ఇందాకే చెప్పావుగా అమ్మా. కాళ్ళ మీద పడి ఏడ్చావు. నేనేమైనా అన్నానా?" ఒకసారి లోపలికి తిరిగి చూసింది. "ఒళ్ళంతా ఎర్రమట్టి, చేతులు మంచులా ఉన్నాయని నీళ్ళు కాచి ఇచ్చాను. స్నానం చేస్తున్నావు కదా... ఇటునుంచి ఎలా వచ్చావు?"

లోపల ఎవరో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నారు.

ఆ చప్పుడు ఆగిపోయింది.

"తువ్వాలు ఇస్తావా అక్కా?"

ఆ గొంతు కిరణ్మయిదే.