రెండు గంటల గీత

నల్లగండ్ల సర్కారు బావికి మంచి పేరు లేదు. పొద్దుగూకితే అటువైపు ఎవరూ కాలు పెట్టేవారు కాదు. అందులో పడి చచ్చిన రుక్కమ్మకు దాహం తీరలేదట, రోజూ రాత్రి రెండింటికి వచ్చి తాగిపోతుందట. ఈ మాట పుట్టించింది రాజయ్య పటేలు కొడుకు, అప్పటి పటేలు లింగమూర్తి. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

రుజువు కూడా ఉండేది... కాగితం మీద.

పందొమ్మిది వందల నలభైతొమ్మిది ఎండాకాలంలో ఇంజనీరు దఫ్తరు వాళ్లు ఆ బావిలో ఒక రేకుడబ్బాను తేలేలా వదిలారు. నీళ్లు దిగితే డబ్బా దిగుతుంది. దానికి తగిలించిన కలం గట్టు మీది గదిలో, తిరిగే కాగితం మీద గీత గీస్తుంది. పన్నెండు గంటలకు ఒక చుట్టు. రాత్రి గీత మీదే పగటి గీత. రోజూ రెండు అంకె దగ్గర ఒక గీత దబ్బున కిందికి పడేది.

"నీళ్లెట్ల పోతున్నయో శనివారం లోపల రాసియ్యి. లేకుంటే నౌకరీ ఇడిసిపో" అన్నాడు ఇంజనీరు, కావలి పోచయ్యతో.

పోచయ్య పిల్లలిద్దరూ నార్సింగిలో మేనత్త దగ్గర పెరుగుతున్నారు. నౌకరీ పోతే వాళ్లకు గంజి లేదు.

"రుక్కమ్మ తాగుతుందని రాయి" అన్నాడు పటేలు. "దయ్యంతోని నీకెందుకు పోచిగా."

ఆ రాత్రి పోచయ్య కలం ముందు కూర్చున్నాడు. ఒంటిగంట... ఒకటిన్నర... ఏదో కిర్రుమంది. గాలికి తలుపు. రెండు — కలం కదల్లేదు. మూడు — కదల్లేదు. గీత తిన్నగా పోయింది.

తెల్లారింది. రోజూ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసేవాడు, ఆనాడు భయానికి రెప్ప పడలేదు. మిట్టెండ. మళ్లీ రెండు.

కలం దిగింది.

కళ్ల ముందే... వేలెడు... రెండు వేళ్లు... బావిలో ఏదో గుటగుట మింగుతున్న చప్పుడు.

తలుపు ఓరగా తీశాడు. అవతలి గట్టు మీద రెండెడ్లు మోట గుంజుతున్నాయి. నీళ్లు పటేలు మామిడితోటకు పారుతున్నాయి. వెనకే పటేలు, నెత్తిన తువ్వాల. ఊళ్లో చాలామందికి కనబడే ఉంటుంది. పటేలు చేసే పనిని చూడడం ఊళ్లో అలవాటు లేదు.

"ఏం చూసినవ్ రా?" అన్నాడు పటేలు, మెల్లగా.

"...దయ్యాన్నే, పటేలా."

"సమజైంది నీకు. గదే రాయి."

పోచయ్య అబద్ధం రాసే రకం కాదు. పటేలు మాట కాదనే ధైర్యమూ లేదు. కారణం అన్నచోట దయ్యం అనే రాశాడు. కానీ సర్కారు కాగితంలో ఏ పేరు రాసినా పక్కన వల్ద్ అని తండ్రి పేరు, ఉండే ఊరు రాయాల్సిందే. లేకుంటే దఫ్తరు తిప్పి పంపుతుంది. అందుకని అదీ రాశాడు:

"దయ్యం. వల్ద్ పటేల్ రాజయ్య. ఊరు నల్లగండ్ల. ఎడ్లు రెండు. వచ్చేది పగలు."