సాళ్లు ఆగిన చోటు

గట్టు జరిగితే తప్ప పొలం తగ్గదని ఆ ఊళ్లో అందరి నమ్మకం. యమున కూడా అదే నమ్మింది.

ఆ ఉదయం ఓపెన్‌కాస్టు గని పేలుడుకు అటక మీది గిన్నెలు ఎప్పటిలాగే గలగలమన్నాయి. గనిలో పనిచేసి రిటైరైన రాయమల్లు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. తమ్ముడి భార్య యమున వచ్చి ఎదురుగా నిలబడింది.

"బావా, ఇయ్యాల్టి సంది నా పొయ్యి నాదే. నేను వేరుంట."

"ఏమైందే చెల్లె?" అంటూ రాయమల్లు భార్య సారలమ్మ బయటికి వచ్చింది.

ఇన్నాళ్లూ సర్కారు ఇచ్చే పంట సాయం పట్టాలో రాసిన విస్తీర్ణాన్ని బట్టి వచ్చేది. ఈసారి పొలంలో నిలిచిన పంటను కొలిచారు. యమునకు పట్టా రెండెకరాలు. ఎకరాకు నలభై గుంటల లెక్కన పత్తి మూడు గుంటలు తక్కువ తేలింది. పక్కనున్న బావ పొలంలో మాత్రం రెండెకరాలూ నిండుగా తేలాయి. ఆమె భర్త బుచ్చన్న జ్వరంతో పోయి నాలుగేళ్లయింది.

"నా పెనిమిటి లేడనే గద గట్టు జరిపినవ్?"

"నోరు మంచిగుంచుకో!" సారలమ్మ గొంతు పెంచింది. "గా మోకాళ్లతోని కుర్చీ జరుపుకునుడే కష్టమైతాంది. గట్టు జరుపుతడా ఈయన?"

రాయమల్లు గ్లాసు కింద పెట్టాడు. "లొల్లి ఎందుకు? మళ్ల కొలిపిద్దాం. గట్టు జరిగితే నా పొలం గూడ నువ్వే చేస్కో."

మొదట కొలిచిన వ్యవసాయ శాఖ సంతోషి ఆ మధ్యాహ్నమే మళ్లీ వచ్చింది. ఫోను చేతబట్టుకొని గట్ల వెంట పొలమంతా చుట్టింది. యమున ఆమె వెనకే నడిచింది.

"రెండెకరాలు సరిగ్గుంది అక్కా."

"మరి మొన్న తక్కువెట్లొచ్చింది?"

"పంట లేని జాగ తీసెయ్యాలె గదా," అంటూ సంతోషి పొలం నడుమకు నడిచింది. అక్కడ బుచ్చన్న సమాధి ఉంది. దాని చుట్టూ ఖాళీ నేల. పత్తి సాళ్లు దూరంగానే ఆగిపోయాయి.

యమున అడుగు ముందుకు పడలేదు. మొదటి ఏడాది విత్తనాలు పెట్టే ఆడవాళ్లకు చెప్పింది తనే: "ఆయనకు ఇరుకు చెయ్యకుండ్రి, రెండు సాళ్లు ఇడువుండ్రి." వాళ్లు ఏటేటా కిందటేటి అంచును హద్దు అనుకొని, అక్కడి నుంచి మరో రెండు సాళ్లు విడుస్తూ వచ్చారు. తను వద్దనలేదు.

మెల్లగా వెనక వచ్చిన రాయమల్లు వైపు తిరిగింది. "నీకెర్కేనా బావా?"

"ఎర్కే."

"పొద్దుగాల గన్ని మాటలంటుంటే చెప్పకపోతివి?"

"మా తమ్ముడు పండుకున్న జాగ ఎక్కువైందని నా నోటితోని ఎట్ల చెప్పాలె బిడ్డా?"

యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారలమ్మ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "ఏడ్సుడు చాలు, నడువ్. కూరకు ఉప్పెయ్యకుంటనే వచ్చిన."

మరుసటి వానకాలం యమున తనే వంగి సమాధి రాయి పక్కదాకా పత్తి గింజలు పెట్టింది. ఆ ఏడాది కొలతలో రెండెకరాలకు సమాధి మేర పావు గుంటే తక్కువ వచ్చింది. ఇంట్లో పొయ్యి ఒకటే ఉంది.