మొదటి పేజీలో దొంగ పసుపు

ఆర్మూరులో ఒక హత్య జరిగి రెండు నెలలైంది. చచ్చింది ఒక వెబ్‌సైట్. విడ్డూరం ఏమిటంటే ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే నలభై మంది ఆడవాళ్లు ఆ శవాన్ని కళ్లకద్దుకుని మరీ పనిలోకి దిగుతున్నారు.

హైదరాబాదులో, బోర్డు లేని ఒక మూడో అంతస్తు గదిలో చీఫ్ ఈ మాట చెప్పినప్పుడు స్వర్ణ నవ్వలేదు. సైబర్ నిఘా బ్యూరోలో పన్నెండేళ్లు పనిచేశాక ఆమెకు అనుమానం రోగంలా కాదు, ఉద్యోగంలా అలవాటైంది. చాయ్ తెచ్చిన మనిషి తలుపు దాటేదాకా అతని చేతులే చూసింది. ఆ చాయ్ తాగలేదు.

"ఆర్మూరు పసుపు మహిళా సంఘం," చీఫ్ ఫైలు ముందుకు జరిపాడు. "నలభై కుటుంబాల పంట ఒకే షెడ్డులో ఉంది. శుక్రవారం పదకొండింటికి దుబాయ్ కొనుగోలుదారు ఒకాయన, అమ్మేవాళ్లందరూ చేరే వీడియో కాల్‌లోకి వస్తాడు. ఎవరు పంపిన లింకూ తెరవడు. ఒకసారి దెబ్బతిన్నాడు. అందరూ చూస్తుండగా తనే సెర్చ్ చేసి, పైన ఎవరు కనిపిస్తే వాళ్లతో మాట్లాడతాడు."

"పైన ఎవరున్నారు?"

"ఎండమావి."

స్వర్ణ ఫైలు మూసేసింది. ఇక చదవక్కర్లేదు. సముద్రం అవతల ఏదో ద్వీపం నుంచి నడిచే ముఠా అది. ఊరి పేరుతో దొంగ సైటు కట్టి, సెర్చ్‌లో పైకెక్కించి, వచ్చిన ఆర్డరుకు రంగు కలిపిన సరుకు పంపుతారు. రేవులో సరుకు పట్టుబడే వేళకు సైటూ ఉండదు, ముఠా కూడా ఉండదు. ఊరి పేరొక్కటే దొరుకుతుంది.

"ఈ ఆర్డరు వాళ్లకు పోతే ఆర్మూరు పసుపును గల్ఫ్‌లో ఏ రేవూ దించుకోదు," అన్నాడు చీఫ్. "సంఘం సైటును లోపలి మనిషే చంపాడు. ఎవరో తేల్చు. శుక్రవారం నేను ఫోన్ చేసి 'ఉడికిందా' అంటాను. పని అయితే 'పుల్ల దిగింది' అను."

"కాకపోతే?"

"ఫోన్ ఎత్తకు."

మంగళవారం మధ్యాహ్నం జక్రాన్‌పల్లి మీదుగా వచ్చిన బస్సులోంచి బాయిలర్ సబ్సిడీ సర్వే మేడం ఒకరు దిగారు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో రిజిస్టరు, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు. ఆ దగ్గర్లోని ఇందల్వాయిలో పుట్టిన స్వర్ణకు ఆ వేషం కట్టడం పెద్ద పనేమీ కాదు.

షెడ్డులో పాలిషింగ్ డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. గాలి పసుపు, నేల పసుపు, మనుషుల కనుబొమ్మలు కూడా పసుపే. సంఘం అధ్యక్షురాలు వెంకవ్వ యాభై అయిదేళ్ల మనిషి, చేతిలో పుల్ల పట్టుకుని బాయిలర్ దగ్గర నిలబడి ఉంది. ఉడికిన కొమ్ములో పుల్ల గుచ్చి, అది సులువుగా దిగితేనే మంట తీయమంటుంది. ఆమె చూపు చూస్తే మనుషులను కూడా అలాగే గుచ్చి చూస్తుందనిపించింది.

సర్వే ప్రశ్నల మధ్యలో స్వర్ణ మాట మార్చింది. "మీకు వెబ్‌సైట్ గిట్ల ఉన్నదా పెద్దమ్మా?"

"ఉండకేం? మస్తుగ నడుస్తుంది." వెంకవ్వ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. రెండక్షరాలు కొట్టేసరికి సంఘం పేరు పైకొచ్చింది. "గిదో, అందరికంటే మీద మేమే. పొద్దుగాల బోణీ దీంతోనే. నలభై మందిమి ఎవరి ఫోన్ల వాళ్లం తెరిచి, మొక్కి, అటెన్క కల్లంలకు పోతం."

స్వర్ణ సంచిలోంచి ఇంకో ఫోన్ తీసింది. బ్యూరో ఇచ్చిన ఫోను అది. అందులో ఖాతా లేదు, పాత వెతుకులాటల జ్ఞాపకం లేదు. దుబాయ్‌లో ఉన్నానని లోకాన్ని నమ్మిస్తుంది. దానిలో ఆర్మూరు పసుపు అని వెతికింది. మొట్టమొదట 'గోల్డెన్ ఆర్మూర్' అనే సైటు. సంఘం పేరు పదో పేజీ దాకా లేదు.

వెంకవ్వ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "గిదేంది? నా దాంట్ల ఉన్నది, గిండ్ల లేదు?"

"నువ్వు రోజు తెరుస్తున్నవు కాబట్టి నీ ఫోన్ యాదిపెట్టుకున్నది. రెండక్షరాలు కొట్టంగనే ఆ యాదిలకెళ్లి తీసిస్తుంది. లోకంల ఎతుకుతనే లేదు." బోణీ మానని ఆ నలభై ఫోన్లలో తప్ప సంఘం ఇంకెక్కడా బతికి లేదు. ఆ మాట ఆమె ముఖం మీదే చెప్పాల్సి వచ్చినందుకు స్వర్ణకు బాధ కలిగింది.

వెంకవ్వ బస్తా మీద కూలబడింది. "దుబాయ్ ఆయనకు మేం కనబడమా? మరి గీ పంటంత ఏం గావాలె? నువ్వు సర్వే మేడమ్‌వు కాదు గదా బిడ్డా."

"కాదు. ఎవరికి చెప్పకు."

సైటు లోపలి రాత తెరిచి చూస్తే హత్యాయుధం దొరికింది. ఒకే ఒక్క వరుస. ఈ పేజీని జాబితాలో చేర్చుకోవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే ఆజ్ఞ. చూడవచ్చిన మనిషికి అది కనబడదు.

"సెర్చ్ ఇంజిన్‌కు ఒక తిరుగుబోతు ప్రోగ్రాం ఉంటది పెద్దమ్మా, క్రాలర్ అంటరు. ఒక సైటుల ఇంకో సైటు లింకు కనబడితే పట్టుకొని అక్కడికి పోతది. చూసిందంత జాబితా రాసుకుంటది. ఎవరన్న అడిగితే ఆ జాబితనే తీస్తది. మీ గేటుకు ఎవరో 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టిండ్రు. అది ఎన్కకు పోయింది."

"మరి జాబితల ఎవరిని ముందర పెడుతది?"

"అడిగినదానికి సక్కటి జవాబు ఎవరి దగ్గరున్నదో చూస్తది. ఎవరి గురించి మంచి సైట్లు చెప్తున్నయో చూస్తది. ఫోన్ల జల్ది తెరుచుకుంటదా, గిట్ల మస్తు చూస్తది."

"మార్కెట్ యార్డుల మేం కొమ్ము ఇరిచి రంగు చూసినట్టే గదా," అంది వెంకవ్వ. స్వర్ణ తల ఊపింది. పన్నెండేళ్లలో ఇంత తొందరగా ఎవరూ అర్థం చేసుకోలేదు.

సైటు తాళాలు, అంటే పాస్‌వర్డ్‌లు, ఇద్దరి దగ్గరే ఉన్నాయి. మొదటివాడు సాయన్న. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు, సైటు కట్టింది అతనే. రెండో మనిషి రోజారాణి. సంఘాన్ని ఉచితంగా మొదటి పేజీకి ఎక్కిస్తానంటూ మూడు నెలల క్రితం హైదరాబాదు నుంచి దిగిన ఎస్‌ఈఓ కన్సల్టెంట్. తెల్ల కారు, నల్ల కళ్లద్దాలు, ఆమె కంటే ముందు వచ్చే సెంటు వాసన. షెడ్డులో మూడు నెలలు తిరిగినా ఆమె చీర మీద ఒక్క పసుపు మరక లేదు. స్వర్ణకు అది నచ్చలేదు. సాయన్న అడగకముందే పాస్‌వర్డ్ చెప్పేశాడు. అది అసలే నచ్చలేదు.

ఇద్దరికీ చెరో ఎర వేసింది. సాయన్న చెవిలో, "దుబాయాయన చిలుక పసుపు అని ఎతుకుతడంట," అంది.

సాయన్న పకపకా నవ్వాడు. "చిలుక పసుపా? మా తాత కాలం నుంచి గసొంటి రకం చూడలేదక్కా."

రోజారాణికి 'వెన్నెల పసుపు' అని చెప్పింది. ఆమె కళ్లద్దాలు తీసి, గంభీరంగా తల పంకించింది. "అవునండీ, ప్రీమియం వెరైటీ. వెంకమ్మగారు కూడా చెప్పారు."

వెంకవ్వను వెంకమ్మగారు అనే మనిషి ఆర్మూరులో ఆమె ఒక్కతే. అయినా స్వర్ణ తొందరపడలేదు. నవ్వును నటించవచ్చు, అజ్ఞానాన్నీ నటించవచ్చు.

బుధవారం ఉదయం గోల్డెన్ ఆర్మూర్ సైటు తెరిచి, పేజీ అడుగున ఖాళీగా ఉన్న తెల్లటి చోట వేలు నొక్కిపెట్టి కిందికి లాగింది. తెలుపు మీద తెలుపుతో రాసిన అక్షరాలు నీలం రంగులో బయటపడ్డాయి. వెన్నెల పసుపు, వెన్నెల పసుపు, వెన్నెల పసుపు. మూడు వందల సార్లు. చిలుక పసుపు ఒక్కసారి కూడా లేదు.

చీఫ్ ఫోన్‌లో కరుగ్గా అన్నాడు. "అరెస్ట్ చేయనా?"

"వద్దు సర్. ఆమెను పట్టుకుంటే ముఠా జాగ్రత్త పడుతుంది, దొంగ సైటు మాత్రం పైనే ఉంటుంది. సెర్చ్ కంపెనీ వాళ్లకు మన అనుమానం చాలదు, కళ్లకు కనబడే మోసం చూపించాలి. ఆ మోసం వాళ్ల చేతే ఇంకా చేయిస్తాను."

ఆ మధ్యాహ్నం వెంకవ్వ, నలుగురు ఆడవాళ్లు కూర్చుని లోకంలో లేని పసుపు రకాలు పుట్టించారు. కోయిల పసుపు, అద్దాల పసుపు, మామిడిపూత పసుపు. నవ్వు ఆపుకోలేక ఒకావిడ బయటికి పోయింది. ముప్పై పేర్ల ఆ జాబితాను, దుబాయాయన వెతకబోయే పేర్లివే, రహస్యమంటూ స్వర్ణ రోజారాణి చేతిలో పెట్టింది.

మరోపక్క సాయన్న సైటుకు ఒక నకలు తయారుచేశాడు. రోజారాణి తాళం ఇప్పుడు ఆ నకలునే తెరుస్తుంది. అక్కడ 'రావద్దు' బోర్డు అలాగే వేలాడుతోంది. అసలు సైటుకు బోర్డు తీసేసి, మళ్లీ రమ్మని సెర్చ్ ఇంజిన్‌కు కబురు పెట్టారు. వెంకవ్వ చెబుతుంటే సాయన్న ఒక కొత్త పేజీ రాశాడు: మంచి పసుపును ఎలా గుర్తుపట్టాలి. వానాకాలంలో విత్తనం పెట్టిన దగ్గర నుంచి పుల్ల దిగేదాకా అంతా ఆమె మాటల్లోనే. మోర్తాడ్ గల్ఫ్ కార్మికుల సంఘం సైటులో, ఇందల్వాయి చర్చి సైటులో ఈ సంఘానికి పాత లింకులు ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బిచ్చి కొన్నవి కావు, పసుపు తిన్న మనుషులు పెట్టినవి. అవి చెక్కుచెదరలేదు.

గురువారానికి గోల్డెన్ ఆర్మూర్ కడుపు ముప్పై దొంగ పేర్లతో ఉబ్బిపోయింది. ఒక్క రోజులో దాన్ని చూపిస్తూ ఎక్కడెక్కడి సైట్లలోనో నాలుగు వేల కొన్న లింకులు పుట్టుకొచ్చాయి. చీఫ్ ఆ ఆధారాలన్నీ సెర్చ్ కంపెనీ తనిఖీ విభాగానికి పంపాడు. జవాబు రాలేదు.

శుక్రవారం పదింబావు. షెడ్డులో గోడకు తెర కట్టారు. నలభై మందీ వచ్చారు. బ్యూరో ఫోన్‌లో గోల్డెన్ ఆర్మూర్ ఇంకా మొదటిది, ఆ పేజీలో దాని కిందున్నవన్నీ ముఠా కట్టిన పిల్ల సైట్లే. సంఘం రెండో పేజీలో ఉంది.

పదీ యాభైకి సెంటు వాసన వచ్చింది. తర్వాత రోజారాణి వచ్చి స్వర్ణ పక్కనే కూర్చుంది.

"బాయిలర్ల గురించి అడగడం మానేశారేం, మేడం?"

స్వర్ణ రిజిస్టరు మూసేసింది.

"సైటులో ఆ ఒక్క వరుస తీసేశారని నిన్ననే తెలిసింది. సెర్చ్ చేస్తే కనిపించారు, రెండో పేజీలో. రెండో పేజీకి ఎవరూ రారండీ."

పదీ యాభై ఏడు. ఇంకా అంతే. వెంకవ్వ స్వర్ణ చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి గరుగ్గా, వేడిగా ఉంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా," అంది. పంట పోయేది ఆమెది, ధైర్యం చెబుతున్నదీ ఆమే.

పదకొండు. తెర మీద దుబాయ్ కొనుగోలుదారు ముఖం, ఆ పక్కన అతని కంప్యూటర్. అతను ఆర్మూరు పసుపు అని ఒక్కో అక్షరమే కొట్టాడు. పేజీ తెరుచుకుంది.

గోల్డెన్ ఆర్మూర్ లేదు. మొదటి చోటే కాదు, పేజీ మొత్తంలో లేదు. అన్నిటికన్నా పైన, బాయిలర్ ముందు పుల్ల పట్టుకుని కెమెరాను కూడా అనుమానంగా చూస్తున్న వెంకవ్వ ఫోటో ఉంది.

స్వర్ణ ఒళ్లో ఫోన్ మెరిసింది. పదీ యాభై తొమ్మిదికి సెర్చ్ కంపెనీ పంపిన సందేశం: దాచిన రాతలు, కొన్న లింకులు రుజువయ్యాయి, సదరు సైటును, దాని పిల్ల సైట్లన్నిటినీ తొలగించాం.

రోజారాణి చప్పుడు కాకుండా లేచింది. తలుపు దగ్గర బాయిలర్ మెకానిక్కుల బట్టల్లో ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఆమె కళ్లద్దాలు తీసి వెనక్కి తిరిగింది. "వెన్నెల పసుపు నిజంగా లేదా?"

"ఒక్కసారి ఈ ఆడవాళ్లలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు," అంది స్వర్ణ.

కొనుగోలుదారు వెంకవ్వతో గంటసేపు మాట్లాడాడు. కొమ్ము విరిచి చూపించమన్నాడు, చూపించింది. సరుకు చూడటానికి సోమవారం మనిషిని పంపుతానన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, స్వర్ణకు తనే చాయ్ పోసి ఇచ్చింది. స్వర్ణ కప్పులోకి చూడకుండా తాగింది.

బస్సు ఎక్కాక చీఫ్ ఫోన్. "ఉడికిందా?"

"పుల్ల దిగింది సర్."

హైవే మీద బస్సు ఊపందుకున్నాక, ఎందుకో తోచి, బ్యూరో ఫోన్‌లో తన పేరు కొట్టి వెతికింది. ఇరవయ్యో పేజీ దాకా చూసినా ఆమె జాడ లేదు. ఈ ఉద్యోగంలో అంతకన్నా పెద్ద ర్యాంకు లేదనుకుని, హాయిగా కళ్లు మూసుకుంది.