కుడివైపు బేరింగు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని భార్య షెడ్డులోకి వచ్చేసరికి మేస్త్రి కూతురి కారు కిందనుంచి బయటికి వస్తున్నాడు. మోచేతుల దాకా గ్రీజు, మొహమంతా నవ్వు. ఇంటి ముందర బళ్ళు బాగుచేసే ఆ రేకుల షెడ్డే ఆయన లోకం. ఊళ్ళో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే దాని జబ్బేమిటో చెప్పేసేవాడు మరి.

అదంతా ఒకప్పుడు. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనతో సహా. గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో నిజంగా గోడలకే ఉన్నాయి! బండి తెచ్చినవాళ్ళు ఏదైనా చెబితే, ఆమె తనకే వినబడనట్టు మొహం పెట్టి, "ఏమిటీ, బ్రేకు పట్టేస్తోందా?" అని ఆయన కుడిపక్కన నిలబడి గట్టిగా అడిగేది. దాంతో నలుగురూ ఆమెకే చెముడనుకున్నారు. "మా ఆవిడ ముందు శంఖం ఊదినా ఒకటే," అని ఆయనా నవ్వించేవాడు. అనుకోనీ, మొగుడి పరువు నిలిస్తే చాలనుకుంది.

పుట్టింటికి వచ్చిన కూతురి కారు పాతది. వెనకనుంచి టకటకమని కొట్టుకోవడం, వేగం అందుకుంటే గుయ్యిమని రొద. నిన్నంతా ఆమె మనవరాలితో ఇంట్లోనే ఉండిపోయింది, షెడ్డువైపు రాలేదు. ఆయన ఒక్కడే విన్నాడు, ఒక్కడే తేల్చాడు. టకటకకు వెనక రెండువైపులా అరిగిపోయిన రబ్బరు బుష్షులూ, రొదకు కుడి చక్రం తిరిగే బేరింగూ మార్చేశాడు.

"రావే, ఒక చుట్టు తిప్పి చూద్దాం. అమ్మాయి బయల్దేరాలిగా," అన్నాడు.

పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. గతుకుల్లో టకటక లేదు. బుష్షులు బ్రహ్మాండంగా కుదిరాయి. పెద్ద రోడ్డెక్కి వేగం పెంచాడో లేదో, కాళ్ళ కిందనుంచి గుయ్యిమంటూ మొదలైంది.

"అమ్మమ్మా, ఇక్కడ బుర్రు అంటోంది," అంది పాప సీటు తడుతూ.

ఆమెకు సంగతి అర్థమైంది. ఏ చప్పుడైనా ఆయనకు కుడి చెవిలోంచే వెళ్ళాలి, అందుకే అన్నీ కుడివైపు నుంచే వస్తున్నట్టుంటాయి. మంచి బేరింగు పీకేసి, చెడినదాన్ని ఎడమవైపు అలాగే వదిలేశాడు.

"చూశావా, వెన్నలా పోతోంది!" అన్నాడాయన ముందునుంచి, కిటికీ గాలి హోరులో.

ఇంటికి రాగానే ఆమె కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఇవాళ వెళ్ళొద్దే. ఎడమ చక్రం ఇంకా రొద పెడుతోంది. దారిలో పట్టేస్తే ఏం కాను?"

కూతురు జాలిగా నవ్వింది. "నీకు సరిగ్గా వినబడదు కదమ్మా! నాన్న విన్నాడుగా. ఈసారి వచ్చినప్పుడు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తీరతాను."

తను తీసిన గోతిలో తనే పడింది ఆమె. కూతురు సంచులు సర్ది, పాపను అరుగుమీద కూర్చోబెట్టి, తాళం కోసం చూస్తే అది తల్లి గుప్పిట్లో ఉంది.

"అమ్మా, ఏంటిది? ఇలా ఇవ్వు."

చెబితే ఆ మనిషి కుప్పకూలిపోతాడు. చెప్పకపోతే పసిపిల్ల ఆ చక్రం మీద కూర్చుని వెళుతుంది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నోరు మూసుకుని చూడు," అని బల్ల దగ్గర చేతులు తుడుచుకుంటున్న భర్త ఎడమపక్కకు వెళ్ళి నిలబడింది.

"ఏమండీ," అంది మామూలు గొంతుతో. "పాప పడిపోయిందండీ. తల పగిలిందండీ."

ఆయన తాపీగా వేళ్ళ సందుల్లో గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"మూడేళ్ళవుతోంది."

"మరి నీ చెవులు?"

"నాకేం, నిక్షేపంగా ఉన్నాయి."

"నాకైనా చెప్పకూడదా?"

"చెబితే షెడ్డు మూయించేదానివి. ఈ షెడ్డు తప్ప ఆయనకేముందే?"

అప్పుడు తిరిగి చూశాడాయన. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. కూతురు కుడిపక్కకు వెళ్ళి, చెయ్యి పట్టుకుని ఎడమ చక్రం సంగతీ, చెవి సంగతీ గట్టిగా చెప్పింది. "నా చెవికే వంక పెడతారా!" అని ఆయన లేచాడు. విసురుగా జాకీ వేసి ఎడమ చక్రం పైకి లేపాడు. స్ప్రింగు మీద ఒక చెయ్యి వేసి రెండో చేత్తో చక్రం తిప్పాడు. గరగరమని అరచేతికి తగిలింది. ఇంకోసారి తిప్పాడు. మెల్లగా నేలమీద కూలబడ్డాడు.

"అందరిలో నిన్ను చెవిటిదని నవ్వించానే," అన్నాడు భార్యతో.

"నవ్వితే నాకేం అరిగిపోయిందా?" అంది ఆమె పక్కన కూర్చుని.

"రేపు ఇదీ మారుద్దాం నాన్నా. నేను విని చెబుతాను," అంది కూతురు. తలూపాడు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకమ్మలూ. పాపకి ఇంకా మాటలు రాలేదని లోలోపల కుమిలిపోతున్నాను. అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకున్నా." "అది మాట్లాడుతుందా?"

కూతురు భోరుమంది. ఊళ్ళోవాళ్ళ బండి కబుర్లన్నీ ఆమె ఆయన చెవిలో వేసింది, పాప మాట ఒక్కటి వేయాలని మాత్రం తట్టలేదు. పరుగున వెళ్ళి పాపను ఎత్తుకొచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది.

"తాతని పిలువమ్మా. ఈ చెవిలో. గట్టిగా."

పాప రెండు చేతులూ ఆయన చెవి చుట్టూ పెట్టి, "తాతా!" అని అరిచింది.

ఆయన కదల్లేదు. "మళ్ళీ అనమను," అన్నాడు.

మళ్ళీ అంది.

"ఇదేనటే దీని గొంతు?" అని భార్యను అడిగి, చేతులకు గ్రీజున్న సంగతి కూడా మరిచిపోయి మొహం కప్పుకుని ఏడ్చాడు.