నాలుగు గ్లాసుల కారం ఎన్ని గ్రాములు?

"సాయీ, వంటింట్లో కారం, ఆవపిండి, ఉప్పు తలో నాలుగు గ్లాసులు కొలిచి బేసిన్‌లో పొయ్యి!"

హాల్లో మామిడి ముక్కలు తుడుస్తూ అమ్మ వీరవేణి కేకేసింది.

ఆ శుక్రవారం గల్ఫ్‌లో, ముహర్రక్ ఊళ్లోని వాళ్ల ఇల్లంతా పచ్చిమామిడి వాసనే. అమ్మ ఏటా రెండు జాడీల ఆవకాయ పెడుతుంది. చిన్నది ఇంటికి. పెద్దది అస్కర్‌లో కూలీల క్యాంపులో ఉండే సోమరాజు బాబాయికి. ఆయనది నాన్న ఊరే. డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చి, ఆయన గదిలో వాళ్లంతా ఆ ఆవకాయతోనే అన్నం తింటారు.

సాయికుమారి గ్లాసు అందుకోబోయి ఆగింది. స్కూల్లో ఆ వారమే టీచర్ లీటర్లు, గ్రాములు నేర్పింది. నాన్న కొత్తగా కొన్న కాటా కూడా అక్కడే ఉంది.

"అమ్మా, గ్రాముల్లో తూస్తే ఇంకా కరెక్టుగా ఉంటుంది!"

"అవి నాకు తెలీవే. గ్లాసుతోనే పొయ్యి."

గ్లాసులో పావు లీటరు నీళ్లు పడతాయి. నాలుగు గ్లాసుల నీళ్లు కిలో. అయితే కారమూ కిలోనే అనుకుంది సాయి. మూడూ తలో కిలో తూచి బేసిన్‌లో పోసింది.

నూనె పోసి ముక్కలు కలుపుతుంటే అమ్మ చెయ్యి ఆగింది.

"పిండి ఎక్కువైనట్టుందే. ఎంత పోశావు?"

తూచానంటే అమ్మ తిడుతుందనిపించింది సాయికి.

"నాలుగు గ్లాసులేనమ్మా."

"సరేలే, ముక్కలే తగ్గాయేమో" అని అమ్మ కలిపేసింది.

కొన్ని వారాలకు నాన్న అస్కర్ నుంచి ఖాళీ జాడీ తెచ్చాడు.

"పైనంతా బూజు పట్టిందంట. పారబోశారు. సోమరాజు నీతో చెప్పొద్దన్నాడు గానీ..."

అమ్మ గబగబా ఇంట్లో జాడీ మూత తీసింది. నూనెంతా పిండే పీల్చేసుకుంది. ముక్కల మీద తెల్లగా బూజు. అమ్మ అక్కడే కూలబడింది.

"ఎప్పుడూ ఇలా అవలేదండీ. నా చెయ్యే పాడైపోయింది. ఇంకెవరికీ పెట్టను."

అన్నం తింటున్న సాయి లేచింది. కంచం వదిలి అమ్మ దగ్గరకెళ్లింది.

"నీ చెయ్యి కాదమ్మా. నేనే... గ్లాసుతో కొలవలేదు. తలో కిలో తూచాను."

నాన్న లేచి, గ్లాసుడు కారం కాటా మీద పోశాడు. ముల్లు నూట ఇరవై గ్రాముల దగ్గరే ఆగిపోయింది. ఆవపిండీ దాదాపు అంతే. ఉప్పు పోస్తే మూడొందలు చూపించింది. కారం, ఆవపిండి రెట్టింపు పడ్డాయి. ఉప్పు తగ్గింది.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సాయికి.

"తూచినందుకు కాదే నా బాధ. అడిగినప్పుడు చెప్పుంటే, ఇంకాసిని కాయలు కోసి సరిచేసేదాన్ని" అంది అమ్మ మెల్లగా.

"ఇప్పుడు మళ్లీ పెడదామమ్మా."

"కాయలెక్కడివే? సీజను అయిపోయింది."

తరవాతి శుక్రవారం సాయి నాన్నతో అస్కర్ వెళ్లింది. బాబాయి గదిలో అందరూ భోజనాలకు కూర్చున్నారు. కంచాల్లో అన్నం, పల్చటి పప్పు, పక్కన ఉల్లిపాయ ముక్క.

"ఆవకాయ పాడుచేసింది నేను, బాబాయ్. అమ్మ కాదు."

"ఓస్, దానికేంటమ్మలూ! వచ్చే ఏడు తింటాంలే" అని సోమరాజు నవ్వాడు.

సాయికి మాత్రం నవ్వు రాలేదు. వచ్చే ఏడంటే ఎంత దూరమో! దారిపొడుగునా ఆ కంచాలే కళ్లలో మెదిలాయి.

క్యాంపుకు పంపడానికి అమ్మ నిమ్మకాయ పెట్టింది. ముక్కలు ఊరాక, సాయిని పిలిచి కారం పొయ్యమంది. సాయి గ్లాసుతో కొలిచింది, కాటా మీద తూచి కూడా చూసుకుంది. పోస్తుంటే చెయ్యి తగిలి, పక్కనున్న డబ్బా ఒరిగి, ఇంకొంచెం కారం జాడీలో పడింది.

అమ్మ అటు తిరిగి స్టవ్ తుడుస్తోంది. చూడలేదు.

"అమ్మా, కారం ఎక్కువ పడింది" అంది సాయి.

అమ్మ వచ్చి జాడీలోకి చూసింది. ఇంకో నిమ్మకాయ కోసి రసం పిండింది.