ఇసుక దిబ్బ మీద సీటు

చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ మీద పుస్తకం పెట్టి పోతే ఆ కుర్చీ ఆ మనిషిదే. చాయ్‌కి పోయినా, హాస్టల్‌లో అన్నం తినొచ్చినా సరే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ళెవరూ ఈ కట్టుబాటు తప్పరు. రెండేళ్ళ కిందట కీర్తన తప్పింది.

"ఇది నా సీటు. బుక్ పెట్టిపోయిన, కనవడ్తలేదా?" అన్నాడు భానుప్రకాశ్.

"కనబడింది. బుక్కు తనంతట తనే చదువుకుంటోందేమో అనుకున్నాను," అంది ఆమె, లేవకుండానే.

ఆ రోజు అతను నిలబడే చదివాడు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు.

ఇప్పుడు అదే జాగ్రఫీ పుస్తకం చంకలో పెట్టుకుని, కీర్తన వాళ్ళ నాన్న జగన్నాథరావు వెనకాల ఇసుకలో కూరుకుపోతూ నడుస్తున్నాడు. హైదరాబాద్‌లో స్థిరపడ్డా, సముద్రం ఒడ్డున ఇది ఆయన సొంతూరు. ఊరు దాటితే కనుచూపు మేరా ఇసుక దిబ్బలే. సముద్రమే చూడని స్నేహితుడొకడు దిబ్బల మీద ఇరవై పేజీల నోట్స్ రాశాడని కూతురు చెబితే, ఆయన నవ్వి, వెంట తీసుకురమ్మన్నారు.

ఆదివారం కీర్తనను చూడటానికి కాకినాడ నుంచి పెళ్ళివారు వస్తున్నారు. ఇవాళ శుక్రవారం.

"ఈ రోజు నాన్నకి మన సంగతి చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పొద్దు," అని పొద్దున టిఫిన్ దగ్గర ఆమె మెల్లగా అంది. అంటూనే కళ్ళు తిప్పుకుంది. ఇప్పుడు కింద సరుగుడు తోపులో, కారు దగ్గర కూర్చుని ఉంది.

పెద్ద దిబ్బ పైన జగన్నాథరావు ఆగారు. "మోకాలు మొరాయిస్తోంది బాబూ. నువ్వెళ్ళి సముద్రం చూసిరా. నేనిక్కడే ఉంటాను."

భానుప్రకాశ్ అలవాటు కొద్దీ పుస్తకం అక్కడ పెట్టి దిగాడు. అలల ముందు నిలబడి, ఆయనతో చెప్పాల్సిన మాటలు నాలుగుసార్లు వల్లె వేశాడు. అలలకి చెప్పడం తేలికగానే ఉంది.

వెనక్కి తిరిగేసరికి అడుగుల గుర్తులు లేవు. గాలి తుడిచేసింది. ఏ దిబ్బ చూసినా ఒక్కలాగే ఉంది. ఒకటెక్కాడు, అక్కడ ఎవరూ లేరు. ఇంకొకటెక్కాడు, అక్కడా లేరు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆయనకి అరవై మూడేళ్ళు, బీపీ ఉంది, నీళ్ళ సీసా చూస్తే తన చేతిలోనే ఉంది. పిల్లనడగడానికొచ్చి పిల్ల తండ్రినే పోగొట్టుకున్నానా అనుకున్నాడు. కీర్తన ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

నాలుగో దిబ్బ ఎక్కితే, అవతల దిబ్బ మీద తెల్ల చొక్కా కనిపించింది. పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

జగన్నాథరావు మండుటెండలో, ఒళ్ళో పుస్తకంతో కూర్చుని ఉన్నారు.

"కిందికి పోతే నీడ ఉండె గద సార్. ఎండల ఎందుకు కూసున్నరు?" రొప్పుతూ సీసా అందించాడు.

ఆయన సగం సీసా తాగి మూత పెట్టారు. "మీ చిక్కడపల్లి లైబ్రరీలో నేనూ ఇరవై ఏళ్ళుగా పేపరు చదువుతున్నానయ్యా. పుస్తకం పెట్టిన సీటు వదిలేసి ఎలా పోతాను? నువ్వు రాకముందే ఇసుక కప్పేసేలా ఉంటే తీసి పట్టుకున్నాను."

వల్లె వేసిన మాటలన్నీ భానుప్రకాశ్ నోట్లోనే ఎండిపోయాయి. బయటికి వచ్చింది వేరే మాట.

"సార్, ఇంకో తాన గూడ బుక్ పెట్టిన."

"ఎక్కడ?"

"కీర్తన పక్కన. రెండేండ్ల సంది. ఆదివారం ఎవరో వచ్చి కూసుంటరని పరేషాన్ అయితున్న."

ఆయన పుస్తకం అట్ట మీది ఇసుక దులిపారు.

"ఉద్యోగం?"

"మెయిన్స్ రాసిన. రిజల్ట్ రాలే."

"అది పోతే?"

"మల్ల రాస్త సార్. సీటు మాత్రం ఇడువ."

జగన్నాథరావు చెయ్యి చాపారు. భానుప్రకాశ్ లేవదీశాడు. పుస్తకం మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు, తన చంకలోనే పెట్టుకున్నారు.

"పద, కిందికి పోదాం. సిగ్నల్ దొరికితే కాకినాడకి ఫోన్ చెయ్యాలి."

"ఏం చెప్తరు సార్?" అడిగాడు భానుప్రకాశ్.

"సీటు ఖాళీ లేదని చెప్తాను."